డీఎఫ్ ఖాళీ అంటుంది, స్టోరేజ్ నిండిందంటుంది: బ్లాకుల అసలు లెక్క కమాండ్ లైన్లో తేల్చుకోవడం ఎలా

తోతాపురి సీజన్లో చిత్తూరు చుట్టుపక్కల ఏ గుజ్జు ఫ్యాక్టరీలోనైనా సర్వర్ పడుకుందంటే ఆ రోజు సిస్టమ్ అడ్మిన్‌కు అన్నం సయించదు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి. కాటా దగ్గర స్లిప్పు రాదు. "డిస్కు నిండిపోయిందంట సార్, బండ్లు కదలడం లేదు" అని కాటా గదిలోంచి ఫోన్ వస్తుంది. మీరు లాగిన్ అయి డీఎఫ్ (డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూపే కమాండ్) కొడతారు. సగానికి సగం ఖాళీ! పాత సీసీ కెమెరా రికార్డింగులు మొన్ననే డిలీట్ చేశారు కూడా. తీరా స్టోరేజ్ బాక్సు స్క్రీన్ తెరిస్తే పూల్ (డిస్కులన్నిటికీ పంచే ఉమ్మడి చోటు) నిండిపోయిందని ఎర్రగా వెలుగుతూ ఉంటుంది.

రెండూ నిజమే చెబుతున్నాయి. సర్వర్ తన ఫైల్ సిస్టమ్ లెక్క చెబుతోంది, స్టోరేజ్ తన బ్లాకుల లెక్క చెబుతోంది. ఈ రెండు లెక్కలూ ఎక్కడ విడిపోయాయో చూడాలంటే డిస్కునే నేరుగా అడగాలి: "ఈ బ్లాకుకు నువ్వు నిజంగా చోటు ఇచ్చావా, లేదా?" అని. అలా అడిగే కమాండ్ ఉంది. దాన్ని వాడటం, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడం, ఈ రెండే ఇక్కడి విషయం. అసలు డిస్కు జోలికి పోకుండా ముందు ఒక ఉత్తుత్తి డిస్కు మీద సాధన చేద్దాం. తిరుపతిలో హాస్టల్ గదిలో కూర్చుని లినక్స్ నేర్చుకుంటున్నవాళ్ల ల్యాప్‌టాప్‌లో కూడా ఇదంతా నడుస్తుంది, లక్షల ఖరీదు చేసే స్టోరేజ్ అక్కర్లేదు.

ముందు నాలుగు మాటలు

స్టోరేజ్ మీకు 500 జీబీ డిస్కు ఇచ్చానని చెబుతుంది గానీ, ఆ చోటంతా ఆ రోజే పక్కన పెట్టదు. మీరు ఏ బ్లాకులో మొదటిసారి రాస్తారో ఆ బ్లాకుకు అప్పటికప్పుడు పూల్‌లోంచి చోటు తీసి ఇస్తుంది. థిన్ ప్రొవిజనింగ్ అంటే ఇదే. తీసుకోవడం దానంతటదే జరిగిపోతుంది. తిరిగి ఇవ్వడం మాత్రం ఎవరో ఒకరు చెబితేనే జరుగుతుంది. ఫైలు డిలీట్ చేస్తే ఫైల్ సిస్టమ్ తన పట్టికలో ఆ బ్లాకులు ఖాళీ అని రాసుకుని ఊరుకుంటుంది, మామూలుగా స్టోరేజ్‌కు కబురు పంపదు. ఆ కబురు పేరు అన్‌మ్యాప్. సాటా డిస్కుల్లో ఇలాంటిదాన్నే ట్రిమ్ అంటారు.

డిస్కులో ప్రతి బ్లాకుకు వరుస నంబరు ఉంటుంది, దాన్ని ఎల్‌బీఏ అంటారు. ఒక్కో ఎల్‌బీఏ మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. తిరుమలలో సీఆర్వో ఆఫీసు ముందు గది కోసం నిలబడ్డవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తాళంచెవి చేతికి వచ్చి సామాను లోపల పెట్టేశారంటే మ్యాప్డ్. గదే ఇవ్వలేదంటే డీఅలకేటెడ్. మీ పేరున గది ఆపి ఉంచారు గానీ లోపల ఇంకా ఏమీ పెట్టలేదంటే యాంకర్డ్. యాంకర్డ్ బ్లాకులో రాయబోతే చోటు చాలక ఫెయిలవడం అన్నది ఉండదు. ఈ మూడో రకం మీకు చాలా అరుదుగా తగులుతుంది.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. బ్లాకును చదివి చూస్తే సరిపోదా, అన్నీ సున్నాలుంటే ఖాళీ అన్నట్టే కదా అని. సరిపోదు. మీరే సున్నాలు రాసిన బ్లాకూ సున్నాలే చూపిస్తుంది, చోటే ఇవ్వని బ్లాకూ చాలా డిస్కుల్లో సున్నాలే చూపిస్తుంది. మొదటిది పూల్‌లో చోటు తినవచ్చు, రెండోది తినదు. చదివితే ఆ తేడా తెలియదు, అడిగితేనే తెలుస్తుంది.

కమాండ్లు కొట్టే పద్ధతి: కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఎస్‌జీ, ఎల్‌బీఏ లాగా అక్షరాలు విడదీసి పలికేవాటిని అక్షరాలుగానే కొట్టాలి. గెట్, స్టేటస్, బ్రీఫ్ లాంటివాటిని ఆ ఇంగ్లీషు మాటల స్పెల్లింగుతో కొట్టాలి. అన్నీ చిన్న అక్షరాలే. అడ్డగీత, అండర్‌స్కోర్, ఏటవాలు గీత, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. స్పెల్లింగు మీద అనుమానం ఉంటే ఎస్‌జీ_ వరకు కొట్టి ట్యాబ్ మీట రెండుసార్లు నొక్కండి, ఆ కుటుంబంలోని కమాండ్లన్నీ బయటపడతాయి. కావాలనే పొట్టి ఆప్షన్ల బదులు పొడుగు ఆప్షన్లు ఇచ్చాను. రాత్రి రెండు గంటలకు ఫోన్లో ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

1. సామాను దించుకోండి

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎస్‌జీ3-యుటిల్స్ ఎల్ఎస్ఎస్‌సీఎస్ఐ

రెడ్‌హ్యాట్ కుటుంబంలో ప్యాకేజీ పేరులో అడ్డగీత బదులు అండర్‌స్కోర్ ఉంటుంది: ఎస్‌జీ3_యుటిల్స్. ఇది స్కజీ (ఎస్‌సీఎస్ఐ, సర్వర్ డిస్కుతో మాట్లాడే ఒక ప్రమాణ భాష) కమాండ్లను డిస్కుకు నేరుగా పంపే చిన్న చిన్న ప్రోగ్రాముల మూట.

2. ఉత్తుత్తి డిస్కు పెట్టండి

లినక్స్ కెర్నెల్‌లోనే ఎస్‌సీఎస్ఐ_డీబగ్ అనే మాడ్యూల్ ఉంది. ర్యామ్‌లో కొంత భాగం తీసుకుని దాన్ని స్కజీ డిస్కులా చూపిస్తుంది. బ్లాకుల స్థితి అడిగితే జవాబు కూడా చెబుతుంది.

సుడో మోడ్‌ప్రోబ్ ఎస్‌సీఎస్ఐ_డీబగ్ డెవ్_సైజ్_ఎంబీ=100 ఎల్‌బీపీయూ=1 ఎల్‌బీపీడబ్ల్యూఎస్=1

100 ఎంబీ ర్యామ్ పోతుంది, అంతే. చివరి రెండు ఆప్షన్లూ ముఖ్యం. అవి లేకపోతే ఈ డిస్కు థిన్ లాగా నడవదు, ఏ బ్లాకును అడిగినా మ్యాప్డ్ అనే అంటుంది. మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ వస్తే కంగారు పడకండి, కొన్ని డిస్ట్రోల్లో ఇది కెర్నెల్ అదనపు మాడ్యూళ్ల ప్యాకేజీలో విడిగా ఉంటుంది.

ఇప్పుడు డిస్కు ఏ పేరుతో వచ్చిందో చూడండి.

ఎల్ఎస్ఎస్‌సీఎస్ఐ --జెనరిక్

ఎస్‌సీఎస్ఐ_డీబగ్ అని రాసి ఉన్న వరుస చివర రెండు పేర్లుంటాయి. ఒకటి /డెవ్/ఎస్‌డీబీ లాంటి బ్లాక్ డివైస్, రెండోది /డెవ్/ఎస్‌జీ2 లాంటి జెనరిక్ డివైస్. ఇకమీదట ఈ రెండు పేర్లే వాడతాను. మీ దగ్గర వేరేవి రావచ్చు, మీకు వచ్చినవే కొట్టండి. ముందుముందు ఈ డిస్కు మీద రాసే కమాండ్లు, ఫార్మాట్ చేసే కమాండ్లు వస్తాయి. మీ మెషీన్లో ఎస్‌డీబీ అంటే పెళ్లి ఫొటోలున్న హార్డ్ డిస్కు అయితే ఆ తర్వాత నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు.

3. అడిగే ముందు, జవాబు చెప్పగలదో లేదో చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేసి సూటిగా స్థితి అడుగుతారు, వచ్చింది నమ్మేస్తారు. అలా చేయకండి. రెండు కమాండ్లు కొట్టండి.

సుడో ఎస్‌జీ_రీడ్‌క్యాప్ --లాంగ్ /డెవ్/ఎస్‌జీ2

మన డిస్కుకు 2,04,800 బ్లాకులు, చివరి ఎల్‌బీఏ 204799 అని చూపాలి. 100 ఎంబీని 512 బైట్లతో భాగిస్తే వచ్చేది అదే. దాంతోపాటు ఎల్‌బీపీఎంఈ, ఎల్‌బీపీఆర్‌జెడ్ అని రెండు అంకెలుంటాయి. ఎల్‌బీపీఎంఈ 1 అయితే ఈ డిస్కులో బ్లాకులకు చోటు ఇవ్వడం, తీసుకోవడం అనే ఏర్పాటు ఉన్నట్టు. అది 0 అయితే మొత్తం చోటు ముందే ఇచ్చేసిన డిస్కు అనుకోండి, ఆ పైన అడగడం వృథా. ఎల్‌బీపీఆర్‌జెడ్ 1 అంటే చోటు ఇవ్వని బ్లాకును చదివితే సున్నాలు వస్తాయని డిస్కు మాట ఇచ్చినట్టు.

సుడో ఎస్‌జీ_వీపీడీ --పేజ్=ఎల్‌బీపీవీ /డెవ్/ఎస్‌జీ2

ఇది లాజికల్ బ్లాక్ ప్రొవిజనింగ్ పేజీ. ఎల్‌బీపీయూ 1 అంటే అన్‌మ్యాప్ కమాండ్ తీసుకుంటుంది. యాంకర్డ్ పనిచేస్తుందో లేదో చెప్పే వరుస కూడా ఇక్కడే ఉంటుంది. చివర ప్రొవిజనింగ్ టైప్ చూడండి. 2 అంటే థిన్. 1 అంటే రిసోర్స్ ప్రొవిజన్డ్. 0 అంటే తెలియదు, లేదా పూర్తిగా ఇచ్చేసింది. మన ఉత్తుత్తి డిస్కు ఇక్కడ 0 అనే చెబుతుంది, పనులు మాత్రం థిన్ లాగే చేస్తుంది. టైప్ ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదని అందుకే అంటాను.

ఎల్ఎస్‌బీఎల్‌కే --డిస్కార్డ్ కూడా ఓసారి కొట్టండి. గ్రాన్యులారిటీ, మ్యాక్స్ గళ్లలో రెండు చోట్లా సున్నాలుంటే, డిస్కు ఏమన్నా గానీ, కెర్నెల్ ఆ డిస్కుకు అన్‌మ్యాప్ పంపదు.

4. ఇప్పుడు అడగండి

సుడో ఎస్‌జీ_గెట్_ఎల్‌బీఏ_స్టేటస్ --ఎల్‌బీఏ=0 /డెవ్/ఎస్‌జీ2

ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి ఇలాంటి జవాబు రావాలి: ఎల్‌బీఏ 0 నుంచి 204800 బ్లాకులు డీఅలకేటెడ్. ఇది ఒక్క బ్లాకు గురించిన జవాబు కాదని గమనించండి. మీరు అడిగిన ఎల్‌బీఏ నుంచి మొదలుపెట్టి, అదే స్థితి ఎన్ని బ్లాకుల దాకా సాగుతుందో కలిపి చెబుతుంది. ఎల్‌బీఏ హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో), బ్లాకుల సంఖ్య మామూలు అంకెల్లో వస్తాయి. మీరు ఇచ్చే నంబరును మాత్రం మామూలు దశాంశంగానే తీసుకుంటుంది, హెక్స్ ఇవ్వాలంటే ముందు 0ఎక్స్ పెట్టాలి. జవాబులోని హెక్స్ నంబరును అలాగే తీసుకెళ్లి మళ్లీ కొట్టి, వేరే బ్లాకు సంగతి చదువుకుని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఒక ఎంబీ రాద్దాం:

సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/యూర్యాండమ్ ఓఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ బీఎస్=1048576 కౌంట్=1 ఓఫ్లాగ్=డైరెక్ట్

ఇప్పుడు మళ్లీ ఎల్‌బీఏ 0 అడిగితే 2048 బ్లాకులు మ్యాప్డ్ అంటుంది. 2048 అడిగితే అక్కడి నుంచి మిగిలిన 2,02,752 బ్లాకులు డీఅలకేటెడ్ అంటుంది. రాసిన ఒక ఎంబీకి లెక్క సరిపోయింది.

ఇక మధ్యలో ఒక ముక్క వెనక్కి ఇచ్చేద్దాం:

సుడో ఎస్‌జీ_అన్‌మ్యాప్ --ఎల్‌బీఏ=1024 --నమ్=512 /డెవ్/ఎస్‌జీ2

కొత్త వెర్షన్లయితే వెంటనే చేయదు, డేటా పోతుందని హెచ్చరించి కొన్ని సెకన్లు ఆగుతుంది. ఆ ఆగడం మంచిదే, డిస్కు పేరు మళ్లీ ఒకసారి చదువుకోండి. పని అయ్యాక 0, 1024, 1536 ఎల్‌బీఏలను వరుసగా అడగండి. మొదట 1024 బ్లాకులు మ్యాప్డ్, తర్వాత 512 డీఅలకేటెడ్, ఆ తర్వాత 512 మ్యాప్డ్. ప్రతి జవాబులోని ఎల్‌బీఏకు బ్లాకుల సంఖ్య కలిపితే తర్వాత ఎక్కడ అడగాలో వస్తుంది. షెల్ లూప్ రాయడం వస్తే డిస్కు మొత్తం పటం ఇలాగే గీయవచ్చు.

లూప్ కోసం --బ్రీఫ్ ఆప్షన్ వాడండి. మాటలేవీ లేకుండా ఒక వరుసలో ఎల్‌బీఏ, బ్లాకులు, స్థితి అంకెలుగా ఇస్తుంది. ఇందులో బ్లాకుల సంఖ్య కూడా హెక్స్‌లోనే ఉంటుంది, అది మరిచిపోతే కూడిక తప్పుతుంది. ఇదే ఆప్షన్ రెండుసార్లు ఇస్తే స్థితి అంకె ఒక్కటే వస్తుంది. స్క్రిప్టులో ఇఫ్ కండిషన్‌కు అది చాలు.

ఒక్కో పిలుపుకు ఒక్క జవాబే ఎందుకు వస్తోందని అడగవచ్చు. మామూలుగా ఈ కమాండ్ 24 బైట్ల జవాబే కోరుతుంది: 8 బైట్ల హెడర్, 16 బైట్ల వివరం ఒక్కటి. అసలు స్టోరేజ్ మీద --మ్యాక్స్‌లెన్=1032 అని ఇస్తే ఒకేసారి 64 వివరాల దాకా చోటుంటుంది. మన ఉత్తుత్తి డిస్కు మాత్రం ఎంత చోటిచ్చినా ఒక్కటే ఇస్తుంది.

ఆ స్థితి అంకె గురించి

1 అంటే డీఅలకేటెడ్, 2 అంటే యాంకర్డ్. ఈ రెండింటితో పేచీ లేదు. పేచీ అంతా 0తోనే. అందరూ దాన్ని మ్యాప్డ్ అని చదువుతారు. దాని పూర్తి అర్థం మ్యాప్డ్, లేదా తెలియదు. కొత్త ప్రమాణంలో ఈ గందరగోళం తీర్చడానికే 3 అంటే కచ్చితంగా మ్యాప్డ్, 4 అంటే తెలియదు అని విడదీశారు. కానీ పాత పద్ధతిలో నడిచే డిస్కులు 0 తోనే సరిపెడతాయి. కాబట్టి డిస్కంతా 0 అని వస్తే "అంతా నిండిపోయింది" అని రిపోర్టు రాసేయకండి. ఎప్పుడూ రాయని చోటు ఒకటి మీకు తెలిసి ఉంటే అక్కడ అడిగి చూడండి. అక్కడా 0 వస్తే, ఆ డిస్కుకు చెప్పడం చేతకావడం లేదని అనుమానించాలి.

5. ఒక ఫైలును వెంటాడండి

అసలు ఉపయోగం ఇక్కడుంది. డిలీట్ చేసిన ఫైలు చోటు స్టోరేజ్‌కు తిరిగి వెళ్లిందా లేదా అన్నది కళ్లతో చూడవచ్చు.

సుడో ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 -బీ 4096 /డెవ్/ఎస్‌డీబీ
సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ /ఎంఎన్‌టీ
సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/యూర్యాండమ్ ఓఎఫ్=/ఎంఎన్‌టీ/కాటా బీఎస్=1048576 కౌంట్=4
సింక్

సింక్ (ఎస్, వై, ఎన్, సీ అని కొట్టాలి) వదిలేయకండి. ఈఎక్స్‌టీ4 డేటాను కాసేపు మెమరీలోనే ఉంచుకుంటుంది, ఫైలుకు ఇంకా డిస్కులో చోటే తీసుకుని ఉండకపోవచ్చు. ఇక ఫైలు ఎక్కడ పడిందో చూడండి:

సుడో ఫైల్‌ఫ్రాగ్ -వీ /ఎంఎన్‌టీ/కాటా

ఫిజికల్ ఆఫ్‌సెట్ గడిలో 8192 అని ఉందనుకుందాం. అది 4096 బైట్ల ఫైల్ సిస్టమ్ బ్లాకుల లెక్క. డిస్కు బ్లాకు 512 బైట్లు కాబట్టి 8తో గుణించాలి: 65536. ఆ ఎల్‌బీఏను ఎస్‌జీ_గెట్_ఎల్‌బీఏ_స్టేటస్‌తో అడిగితే మ్యాప్డ్ అని, కనీసం 8192 బ్లాకులని వస్తుంది. 4 ఎంబీ ఫైలు ఒకే ముక్కగా పడితే లెక్క అంతే.

ఫైలు డిలీట్ చేసి, సింక్ కొట్టి, మళ్లీ అదే ఎల్‌బీఏ అడగండి. ఇంకా మ్యాప్డ్! డీఎఫ్‌లో ఖాళీ పెరిగింది, డిస్కు దగ్గర మాత్రం ఏమీ మారలేదు. గుజ్జు ఫ్యాక్టరీ సర్వర్లో జరిగేది ఇదే, అక్కడ 4 ఎంబీ బదులు నెలల తరబడి కెమెరా రికార్డింగులు. ఇప్పుడు ఖాళీ బ్లాకుల కబురును స్టోరేజ్‌కు పంపే కమాండ్:

సుడో ఎఫ్ఎస్‌ట్రిమ్ --వెర్బోస్ /ఎంఎన్‌టీ

ఎన్ని బైట్లు ట్రిమ్ చేసిందో చెబుతుంది. ఆ అంకె చూసి మురిసిపోకండి, అది ఫైల్ సిస్టమ్ అడిగిన లెక్క, స్టోరేజ్ వదిలిన లెక్క కాదు. 65536ను మళ్లీ అడగండి. ఈసారి డీఅలకేటెడ్ అని వస్తుంది. నమ్మాల్సింది ఈ జవాబును.

సాధన అయ్యాక /ఎంఎన్‌టీని అన్‌మౌంట్ చేసి, సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఎస్‌సీఎస్ఐ_డీబగ్ కొడితే డిస్కు మాయమవుతుంది, ర్యామ్ వెనక్కి వస్తుంది.

6. అసలు డిస్కు దగ్గరికి వెళ్లేటప్పుడు

స్థితి అడగడం చదివే పనే, దానివల్ల డేటాకు ఏమీ కాదు. అయినా ప్రొడక్షన్ సర్వర్లో --రీడ్‌ఓన్లీ ఆప్షన్ చేర్చడం, బ్లాక్ డివైస్ బదులు ఎస్‌జీ పేరు ఇవ్వడం అలవాటు చేసుకోండి. బ్లాక్ డివైస్‌ను రాసే హక్కుతో తెరిచి మూస్తే యూడెవ్ (డివైస్‌లను కనిపెట్టుకుని ఉండే లినక్స్ ప్రోగ్రాము) అది చూసి డిస్కును మళ్లీ పరిశీలించడం మొదలుపెడుతుంది. రద్దీ సమయంలో ఆ సందడి మనకెందుకు?

అసలు డిస్కులో ఫైలును వెంటాడాలంటే లెక్కలో ఇంకో అంకె చేరుతుంది. ఫైల్ సిస్టమ్ పార్టిషన్లో ఉంటే పార్టిషన్ మొదలయ్యే సెక్టార్ కలపాలి. అది /సిస్/బ్లాక్/ఎస్‌డీఏ/ఎస్‌డీఏ1/స్టార్ట్ ఫైల్లో 512 బైట్ల లెక్కలో ఉంటుంది. ఫిజికల్ ఆఫ్‌సెట్ 8192, పార్టిషన్ 2048 దగ్గర మొదలైతే 65536 ప్లస్ 2048, మొత్తం 67584. డిస్కు లాజికల్ బ్లాకే 4096 బైట్లయితే 8తో గుణించే పని లేదు, స్టార్ట్ అంకెనే 8తో భాగించుకోవాలి. మధ్యలో ఎల్‌వీఎం (డిస్కు చోటును వాల్యూములుగా పంచే లినక్స్ పొర) ఉంటే దాని మ్యాపింగ్ కూడా చూసుకోవాలి. అంత కష్టం ఎందుకనుకుంటే అదే పూల్‌లో పార్టిషన్ లేని చిన్న పరీక్ష వాల్యూమ్ పెట్టించుకుని దాని మీద తేల్చుకోవడం నయం.

ఎఫ్ఎస్‌ట్రిమ్ చేశాక కూడా మ్యాప్డ్ అనే వస్తే ముందు గ్రాన్యులారిటీ (స్టోరేజ్ ఎంత ముక్క చొప్పున చోటు వదులుతుందో) చూడండి.

సుడో ఎస్‌జీ_వీపీడీ --పేజ్=బీఎల్ /డెవ్/ఎస్‌జీ2

ఇందులో ఆప్టిమల్ అన్‌మ్యాప్ గ్రాన్యులారిటీ అని ఉంటుంది. అది 2048 బ్లాకులనుకుందాం, అంటే ఒక ఎంబీ. ఆ ఎంబీలో ఒక్క 4 కేబీ ఫైలు బతికి ఉన్నా ఆ ఎంబీ మొత్తం స్టోరేజ్ దగ్గరే ఉండిపోవచ్చు. చిన్న చిన్న స్లిప్పు ఫైళ్లు చెల్లాచెదురుగా ఉన్న డిస్కులో సగం డిలీట్ చేసినా పూల్ కదలకపోవడానికి ఇదో కారణం. అన్‌మ్యాప్ అన్నది డిస్కుకు చేసే మనవి లాంటిది, తీర్చి తీరాలన్న నియమం లేదు.

రెండోది, కెర్నెల్ ఏ దారిలో పంపుతోందో చూడండి. /సిస్/క్లాస్/ఎస్‌సీఎస్ఐ_డిస్క్ కింద మీ డిస్కు ఫోల్డర్లో ప్రొవిజనింగ్_మోడ్ అనే ఫైలుంటుంది. అందులో అన్‌మ్యాప్ అనో, రైట్‌సేమ్_16 అనో ఉంటే సరే. ఫుల్ అనో, డిసేబుల్డ్ అనో ఉంటే ఎఫ్ఎస్‌ట్రిమ్ కబురు డిస్కు దాకా వెళ్లదు.

ఎర్రర్లు ఇలా చదవండి

జవాబు బదులు ఇల్లీగల్ రిక్వెస్ట్ అని వస్తే డిస్కు పాడైపోయిందని కాదు, ఈ ప్రశ్న దానికి తెలియదని. స్క్రిప్టులో అయితే కమాండ్ ఎగ్జిట్ కోడ్ చూడండి: 9 అంటే ఈ కమాండే తెలియదు, 5 అంటే కమాండులో ఏదో భాగం నచ్చలేదు.

మన ఆఫీసు కంప్యూటర్లలోని సాటా ఎస్ఎస్‌డీలు దాదాపు అన్నీ ఇలాగే జవాబిస్తాయి. అవి ట్రిమ్ తీసుకుంటాయి గానీ, ఏ బ్లాకు ట్రిమ్ అయిందో అడిగే దారి లినక్స్ సాటా పొరలో లేదు. సాటాకు హెచ్‌డీపార్మ్‌తో ట్రిమ్ ఉందో లేదో చూసుకోవడంతో సరి. వర్చువల్ మెషీన్ లోపలి నుంచి అడిగితే జవాబు చెప్పేది హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్), వెనకున్న స్టోరేజ్ కాదు. అక్కడ డీఅలకేటెడ్ అని వచ్చినా స్టోరేజ్ పూల్ దగ్గర వేరే కథ నడుస్తుండవచ్చు. రెయిడ్ కార్డు వెనక ఉన్న డిస్కులదీ ఇదే తంతు.

ఎన్‌వీఎంఈ డిస్కులున్నవాళ్లు ఒక్కటి జాగ్రత్త. అక్కడా గెట్ ఎల్‌బీఏ స్టేటస్ అనే కమాండ్ ఉంది, ఎన్‌వీఎంఈ 1.4లో వచ్చింది. పేరు ఒకటే, ఆ వెర్షన్ ప్రకారం పని వేరు: చదవడానికి రాకుండా పోయి ఉండే అవకాశమున్న బ్లాకులు ఏవో అది చెబుతుంది, ప్రొవిజనింగ్ గురించి కాదు. మీకు కావాల్సింది ఎన్‌వీఎంఈ ఐడీ-ఎన్ఎస్ కమాండ్. అందులో ఎన్ఎస్‌జెడ్ఈ అంటే నేమ్‌స్పేస్ (సర్వర్‌కు ఒక డిస్కులా కనిపించే భాగం) మొత్తం సైజు, ఎన్‌క్యాప్ అంటే ఎన్ని బ్లాకుల దాకా ఇవ్వగలదో, ఎన్‌యూజ్ అంటే ఇప్పుడు ఎన్ని ఇచ్చిందో. బ్లాకు బ్లాకుకూ కాదు గానీ మొత్తం లెక్క తెలుస్తుంది. థిన్ లేని ఎన్‌వీఎంఈలో మూడూ ఒకే అంకె చూపితే ఆశ్చర్యపోకండి.

సొంతంగా ఎల్‌వీఎం థిన్ పూల్ పెట్టుకున్నవాళ్లకు ఈ గొడవంతా లేదు. సుడో ఎల్‌వీఎస్ కొడితే డేటా శాతం, మెటాడేటా శాతం పక్కపక్కనే కనిపిస్తాయి. మెటాడేటా శాతం మీద కూడా కన్నేసి ఉంచండి, డేటా కంటే ముందు అదే నిండి పూల్‌ను ఆపేయగలదు.

పూల్ నిజంగానే నిండిందా?

కెర్నెల్ సందేశాల లాగ్‌లో (డీఎంఈఎస్‌జీ అక్షరాలు కొడితే వస్తుంది) రెండు మాటలు వెతకండి. థిన్ ప్రొవిజనింగ్ సాఫ్ట్ థ్రెషోల్డ్ అని హెచ్చరిక ఉంటే స్టోరేజ్ ముందుగానే కబురు చేసింది, ఇంకా వ్యవధి ఉంది. క్రిటికల్ స్పేస్ అలకేషన్ ఎర్రర్ అని ఉంటే పని అయిపోయింది: సర్వర్ రాయబోయింది, స్టోరేజ్ చోటు లేదని తిప్పి పంపింది. ఈ రెండోది కనబడితే ముందు కాటా సాఫ్ట్‌వేర్ లాంటి రాసే ప్రోగ్రాములు ఆపండి. తర్వాత అక్కర్లేని ఫైళ్లు తీసి ఎఫ్ఎస్‌ట్రిమ్ నడపండి. ఎఫ్ఎస్‌ట్రిమ్ పెద్ద డిస్కు మీద స్టోరేజ్‌ను కాసేపు నెమ్మది చేయగలదు, కాబట్టి మామూలు రోజుల్లో దాన్ని బండ్లు లేని వేళకు పెట్టుకోవాలి. సిస్టమ్‌డీ ఉన్న మెషీన్లలో ఎఫ్ఎస్‌ట్రిమ్.టైమర్ అని వారానికోసారి నడిచేది ఒకటి ఉంటుంది. అది ఎనేబుల్ అయి ఉందో లేదో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌తో చూడండి. ఉందనుకుని వదిలేసిన సర్వర్లే ఎక్కువ.

ఇన్ని చేసినా పూల్ దిగకపోతే స్టోరేజ్ కంపెనీకి టికెట్ పెట్టాల్సిందే. "డీఎఫ్‌లో ఖాళీ ఉంది, పూల్ నిండింది" అని మాత్రమే రాస్తే ఎఫ్ఎస్‌ట్రిమ్ నడిపారా అని అడిగి రెండు రోజులు గడిపేస్తారు. ఎస్‌జీ_రీడ్‌క్యాప్ జవాబు, ఎల్‌బీపీవీ పేజీ, బీఎల్ పేజీ, ప్రొవిజనింగ్_మోడ్‌లో ఉన్న మాట, ఒక ఫైలు డిలీట్ చేయకముందు, ఎఫ్ఎస్‌ట్రిమ్ చేశాక అదే ఎల్‌బీఏకు వచ్చిన రెండు జవాబులు, వాటి టైముతో సహా ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి మొదటి మెయిల్‌కే జతచేయండి.